పూడిక ఎవరు తీస్తారు? సిచువాన్‌లో తావో, అరాజకవాదం

చైనాలోని సిచువాన్ రాష్ట్ర రాజధాని చెంగ్డూలో వైద్యవిద్య చదువుతున్న మా మేనల్లుడు నన్ను పాండాలు చూపించడానికి తీసుకెళ్లాలని ఉబలాటపడ్డాడు. నేను మాత్రం ముందు జెంగ్‌తోంగ్‌షున్ వీధికి వెళ్దామన్నాను. అక్కడ పక్కపక్కనే రెండు నోళ్లున్న పాత బావి ఒకటి ఉంది. రచయిత బా జిన్ పుట్టిన ఇల్లు ఆ దగ్గరలోనే ఉండేది. ఇల్లు ఎప్పుడో పోయింది, బావి మిగిలింది. అక్కడ చాలాసేపు నిలబడ్డాను. "ఇందులో అంత చూడవలసింది ఏముంది మామయ్యా?" అని వాడు అడగలేదు గానీ, ఆ ప్రశ్న మొహంలో కనబడుతూనే ఉంది. అందుకని నిలబడ్డచోటే చెప్పడం మొదలుపెట్టాను.

బా జిన్ 1904లో పెద్ద భూస్వామి, అధికారి కుటుంబంలో పుట్టాడు. అసలు పేరు లీ యావోతాంగ్. పదిహేనేళ్ల వయసులో రష్యా అరాజకవాది క్రొపోట్కిన్ యువకులను ఉద్దేశించి రాసిన కరపత్రం చదివి నిలవలేకపోయాడు. కలం పేరులోని 'జిన్' క్రొపోట్కిన్ పేరు చివరి అక్షరం. ఫ్రాన్సులో ఉండగా, అమెరికాలో మరణశిక్ష పడిన అరాజకవాది వాంజెట్టీకి ఉత్తరం రాస్తే, ఆయన జైలు నుంచి జవాబు రాశాడు. ఒకరి మీద ఒకరి పెత్తనం లేకుండా, ఒకరికొకరు సాయపడుతూ మనుషులు బతకగలరని నమ్మిన ఈ అరాజకవాదులంటే నాకు చిన్నప్పటి నుంచీ గౌరవం. తావో మార్గానికి మూలగ్రంథమైన తావో తె చింగ్ చదివినప్పుడల్లా, దాన్ని రాశాడని చెప్పే ప్రాచీన చైనా ముని లావోజు కూడా ఆ వరసలోని వాడే అనిపిస్తుంది. చట్టాలు పెరిగేకొద్దీ దొంగలు పెరుగుతారనీ, పై వాళ్లు పన్నులు మింగేయడం వల్లే జనం పస్తులుంటున్నారనీ అన్నవాడు ఆయనే. ఈ రెండు దారులూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో సిచువాన్‌లోనే చూసుకోవాలని వచ్చాను.

బా జిన్‌కు మాత్రం లావోజు అక్కర లేదు. ఆ విషయం కూడా దాచకుండా చెప్పాలి. చైనాలో అరాజకవాదం 1907లో ఒకేసారి రెండు చోట్ల పత్రికల రూపంలో మొదలైంది. టోక్యోలో ల్యూ షీపెయ్, ఆయన భార్య హే జెన్. పారిస్‌లో లీ షీజెంగ్, వూ జీహుయ్. చైనా పాత రాజనీతి ప్రజల జోలికి పెద్దగా పోవద్దనే చెప్పిందనీ, కాబట్టి రాజ్యం లేని సమాజం మన వాళ్లకు అంత దూరం కాదనీ ల్యూ వాదించాడు. పారిస్ బృందానికి ఈ పురాతన ప్రేమ నచ్చలేదు. వాళ్ల దృష్టిలో అరాజకవాదమంటే విజ్ఞానశాస్త్రం, విప్లవం. చివరికి ఇద్దరి దారీ రాజ్యం గుమ్మంలోకే వెళ్లింది. ల్యూ అప్పటి చింగ్ రాజవంశపు ప్రభుత్వ అధికారి దగ్గర కొలువులో చేరాడు, ఆ తర్వాత ఇదే చెంగ్డూలో కొంతకాలం పాఠాలు చెప్పాడు, 1915లో దేశాధ్యక్షుడు యువాన్ షీకాయ్‌ను చక్రవర్తిని చేయడానికి మద్దతు పలికాడు. వూ, లీ జాతీయవాదుల కోమింతాంగ్ పార్టీలో పెద్దలై 1927లో కమ్యూనిస్టుల ఊచకోతను సమర్థించారు. ఇది తలుచుకుంటే నాకు కష్టంగా ఉంటుంది.

మర్నాడు రైలెక్కి దూజియాంగ్‌యాన్ వెళ్లాం. చెంగ్డూ నుంచి అరగంట పైచిలుకు ప్రయాణం. ధవళేశ్వరం నీళ్లతో పండిన అన్నం తిని పెరిగినవాణ్ణి కాబట్టి నదిని మళ్లించడమంటే అడ్డంగా ఆనకట్ట కట్టడమనే నా మనసులో ఉండేది. క్రీస్తు పూర్వం 256 ప్రాంతంలో షూ (నేటి సిచువాన్) ప్రాంతపు పాలకుడు లీ బింగ్, మిన్ నదికి అడ్డుకట్ట వేయలేదు. నది మధ్యలో చేప నోరు ఆకారంలో ఒక గట్టు కట్టి ప్రవాహాన్ని రెండుగా చీల్చాడు. లోపలి పాయ మైదానంలోని పొలాలకు, బయటి పాయ వరదకు. నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు పదింట ఆరు వంతులు లోపలికి వస్తాయి, వరద రోజుల్లో ఆ ఆరు వంతులు బయటికి పోతాయి. నది వంపు, అడుగు లోతు ఆ పంపకం చేస్తాయి. ఎక్కువైన నీళ్లు ఒక తక్కువ ఎత్తు కట్ట మీదుగా పొర్లి, ఇసుకనూ గులకరాళ్లనూ తమతోపాటు బయటికి విసిరేస్తాయి. కొండను చీల్చి తీసిన ఇరవై మీటర్ల సందులోంచి మిగిలిన నీరు మైదానంలోకి దిగుతుంది. పేలుడు మందు లేని కాలం. రాతి మీద మంట పెట్టి, వేడెక్కాక చన్నీళ్లు పోసి పగలగొట్టారట.

గట్టు పక్కన, వెదురు బద్దలతో అల్లిన పొడవాటి బుట్ట ఒకటి చూపించడానికి పెట్టి ఉంది. నిండా గుండ్రటి ఏటి రాళ్లు. అల్లిక సందుల్లోంచి చూస్తే ఒక్కో రాయీ పక్క రాయికి ఆనుకుని ఉంది, మధ్యలో నీరు పోవడానికి ఖాళీలు ఉన్నాయి. సిమెంటు రాకముందు ఈ గట్టు మొత్తం ఇలాంటి బుట్టలే. ప్రవాహం తోస్తే బుట్ట కాస్త సర్దుకుంటుంది గానీ విరగదు. నీరంత మెత్తనిది లేదు, గట్టివాటిని గెలవడంలో దానికి సాటి లేదు అన్న లావోజు మాట ఆ బుట్ట ముందు నిలబడి తలుచుకుంటే ఒళ్లు జలదరించింది.

ఎగువన కొద్ది దూరంలో 156 మీటర్ల ఎత్తున జిపింగ్‌పు ఆనకట్ట ఉంది. ఈ శతాబ్దం మొదట్లో కట్టారు. కొత్త కట్టడాలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు గానీ, రెండింటినీ ఒకే ఉదయం తలుచుకోవడం నాకు మంచి పాఠమైంది.

ఒడ్డున ఎర్‌వాంగ్ ఆలయం ఉంది. 2008 మే భూకంపంలో దెబ్బతింటే మళ్లీ కట్టారు. లోపల గోడ మీద ఆరు అక్షరాలు పెద్దవిగా చెక్కి ఉన్నాయి. మా వాడు చదివి, "పూడిక లోతుగా తియ్యి, కట్ట ఎత్తు పెంచకు. అంతే మామయ్యా" అన్నాడు. ఏటా చలికాలంలో నీరు తగ్గినప్పుడు ఒక పాయను మూసి, అడుగున పాతిన ఇనుప దిమ్మెలు బయటపడేదాకా పూడిక తీసేవారు. రెండు వేల ఏళ్లకు పైగా ఈ నది తనంతట తానే పంటలు పండిస్తోందని ఎవరైనా అంటే అది సగమే నిజం. నదిని బలవంతం చేయకుండా వదిలేయాలంటే మనుషులు ఏటేటా నడుం వంచాలి.

మరి ఆ మనుషుల్ని పిలిచింది ఎవరు? లీ బింగ్ తావో ముని కాడు, చిన్ రాజ్యపు ఉద్యోగి. చిన్ అంటే కఠిన శిక్షలతో, బలవంతపు చాకిరీతో నడిచిన రాజ్యం. ఈ మైదానపు ధాన్యంతో బలిసిన ఆ రాజ్యమే క్రీస్తు పూర్వం 221లో చైనా అంతటినీ జయించింది.

రాజు లేకుండా జనం బతకగలరా అన్న ఈ ప్రశ్న చైనాలో పదిహేడు వందల ఏళ్ల కిందటే నలిగింది. బావో జింగ్‌యాన్ అనే ఆలోచనాపరుడు రాజే అక్కర్లేదని తెగేసి చెప్పాడు. లావోజు గ్రంథం చాలాచోట్ల రాజుకే హితవు చెబుతుంది, ఉన్నాడో లేడో తెలియకుండా ఉండమంటుంది. బావో ఆ గీత దాటాడు. రాజును దైవం నియమించిందన్న పండితుల మాట అబద్ధమనీ, బలవంతుడు బలహీనుణ్ణి లొంగదీసుకుంటే, తెలివైనవాడు అమాయకుణ్ణి మోసగిస్తే రాజూ ప్రజా పుట్టారనీ అన్నాడు. పూర్వం జనం బావి తవ్వుకుని తాగారు, పొలం దున్నుకుని తిన్నారు, ఎవరికీ ఊడిగం చేయలేదన్నాడు. ఆయన రచన విడిగా ఏదీ మిగల్లేదు. ఆ మాటలను ఖండించడానికి గె హోంగ్ తన పుస్తకంలో ఎత్తి రాసుకోవడం వల్ల మనకు దక్కాయి. రాజు లేకపోతే జనం కొట్టుకు చస్తారని గె హోంగ్ వాదన. ఆయన సామాన్యుడు కాడు, అమరత్వ రసాయనాల గురించి రాసిన తావో సాధకుడు. అందుకే తావో అంటేనే అరాజకవాదం అని నేను అనలేను.

దూజియాంగ్‌యాన్ నుంచి చింగ్‌చెంగ్ కొండ దగ్గరే. దట్టమైన పచ్చదనం, తడి రాతి మెట్లు, జుట్టు ముడివేసుకుని నడిచే సాధువులు. తియాన్‌షీ గుహ దగ్గర ఒక పెద్ద గింకో చెట్టు ఉంది. రెండో శతాబ్దంలో తావో మతానికి ఆద్యుడైన జాంగ్ దావోలింగ్ నాటాడని చెబుతారు. కొమ్మల నుంచి చెక్క ఊడలు కిందికి వేలాడుతున్నాయి. ఆయన శిష్యులయ్యేవాళ్లు ఐదు కొలతల బియ్యం ఇవ్వాలి కాబట్టి ఆ మార్గానికి ఆ బియ్యం పేరే వచ్చింది.

నన్ను ఆ కొండకు రప్పించింది ఆయన మనవడు జాంగ్ లూ కథ. హాన్ సామ్రాజ్యం కూలుతున్న రోజుల్లో హన్‌జోంగ్ లోయను ఆయన దాదాపు ముప్ఫై ఏళ్లు నడిపాడు. రాజోద్యోగులు లేరు, మత పెద్దలే ఊళ్ల వ్యవహారాలు చూసుకునేవారు. దారి పొడవునా సత్రాల్లో బియ్యం, మాంసం ఉంచేవారు. బాటసారి తన ఆకలికి సరిపడా తీసుకోవచ్చు, డబ్బు ఇవ్వనక్కర్లేదు. తప్పు చేసినవాణ్ణి మూడుసార్లు క్షమించాకే శిక్ష. చిన్న తప్పయితే వంద అంగల బాట బాగుచేస్తే చాలు. పూడిక తీసేది ఎవరన్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబుల్లో దీనికి దగ్గరగా వచ్చింది మరొకటి లేదు. శిక్ష అనేది పదిమంది నడిచే దారిగా మారింది.

మెట్లు దిగుతూ ఇదంతా చెబితే మా వాడు ఆగి, "ఎవరైనా ఎక్కువ తీసుకుంటే?" అన్నాడు. దయ్యాలు జబ్బు తెప్పిస్తాయని భయపెట్టేవారని చెప్పాను. "అంటే పోలీసులున్నట్టే కదా మామయ్యా" అన్నాడు. కాదనలేకపోయాను. వారసత్వంగా వచ్చిన గురువు పీఠం, పాపభయం, ఇవి రెండూ ఉన్నచోట పెత్తనం పోయిందని చెప్పలేం. అయినా ఆ సత్రాలు నిజం, ఆ ముప్ఫై ఏళ్లూ నిజం.

215లో హాన్ సామ్రాజ్యపు అధికారాన్ని చేతిలో పెట్టుకున్న సేనాని త్సావ్ త్సావ్ సేనలతో వచ్చాడు. పారిపోయే ముందు గిడ్డంగులు తగలబెడదామని అనుచరులు అన్నారు. జాంగ్ లూ వద్దన్నాడు. అవి రాజ్యానివి అని చెప్పి, సీలు వేయించి వెళ్లిపోయాడు. ఆ మర్యాదకు త్సావ్ త్సావ్ మెచ్చుకుని, లొంగిపోయాక పదివేల ఇళ్ల జాగీరు ఇచ్చాడు. ధాన్యం కాల్చకపోవడం మంచిదే. ఆ గిడ్డంగులు నింపింది మాత్రం బియ్యం మోసుకొచ్చిన జనం. వాళ్లకు పంచి వెళ్లవలసిందని కొండ దిగేదాకా మా వాడితో వాదిస్తూనే ఉన్నాను.