అడుగుల చప్పుడు ఎటునుంచి? గేమింగ్ హెడ్‌ఫోన్స్ ఎంచుకున్న నా అనుభవం

కౌంటర్ స్ట్రైక్ 2 అనే తుపాకుల వీడియో గేమ్‌లో పరుగెత్తేవాడి అడుగులు వినిపిస్తాయి, షిఫ్ట్ నొక్కి మెల్లగా నడిచేవాడివి వినిపించవు. ఆటలో సగం ఈ తేడా మీదే నడుస్తుంది కాబట్టి, వినిపించిన అడుగు ముందునుంచి వచ్చిందో వెనకనుంచి వచ్చిందో పోల్చుకోలేనివాడికి ఎంత గురి ఉన్నా లాభం ఉండదు. నిరుడు వేసవి దాకా నా పరిస్థితి అదే. విశాఖపట్నంలో ఉండే మా పిన్ని కొడుకుతో కలిసి శనివారం పొద్దున్నే ఆడటం నాకు అలవాటు; వాడు "అన్నా, వెనకాల, వెనకాల!" అని అరిచే సమయానికి నేను ఎదురుగా ఉన్న తలుపు మీద తుపాకీ గురిపెట్టి శ్రద్ధగా నిలబడి ఉండేవాణ్ణి. తప్పు నా చెవులది కాదు, హెడ్‌సెట్‌దేనని తీర్మానించుకుని, కొత్తది కొనడానికి పదిహేను వేలు పక్కన పెట్టాను.

నా పాత హెడ్‌సెట్ అట్టపెట్టె మీద 7.1 సరౌండ్ అని పెద్ద అక్షరాలతో ఉండేది. ఏడు స్పీకర్లు లోపల ఎక్కడో ఉన్నాయని నేను చాలాకాలం నమ్మాను. నిజానికి ఒక్కో చెవికి ఒక్కో డ్రైవరే, అంటే శబ్దం పుట్టించే ఒక్కో చిన్న స్పీకరే ఉంది, మిగిలినదంతా సాఫ్ట్‌వేర్ చేసే పని. చెవి మీద ఆనే మెత్త పైపొర ఊడిపోయి, ఆట ముగిసేసరికి చెవుల చుట్టూ నల్లటి పొట్టు అంటుకుని ఉండేది. అది కళ్లజోడు కాడలను కణతలకేసి నొక్కడం వల్ల గంట దాటితే తలనొప్పి కూడా వచ్చేది.

మొదట ఖర్చు లేని దారి చూద్దామని ఫోనుకు వాడుకునే బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌ను కంప్యూటర్‌కు కలిపాను. సినిమాకు తెలియని ఆలస్యం ఆటలో తెలిసిపోయింది. మామూలు బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరడానికి తరచు 150 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. నేను తుపాకీ పేల్చిన కాసేపటికి చప్పుడు వచ్చేది. పైగా మాట్లాడటానికి మైకు తెరవగానే బ్లూటూత్ ఫోన్‌కాల్ పద్ధతికి మారి, కుడి ఎడమల తేడా పోయి, అంతా బావిలోంచి వస్తున్నట్టు వినిపించేది. దిక్కు తెలుసుకోవడానికి వెతుకుతున్నవాడికి మోనో శబ్దంతో ఏం పని? రెండు రోజుల్లో ఆ ప్రయత్నం మానేశాను.

ఆ తర్వాత ఒక సాయంత్రం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాను. కంప్యూటర్ సామాను కోసం అక్కడ మెట్లెక్కి దిగడం నాకు కాలేజీ రోజులనుంచి అలవాటే. ఒక దుకాణంలో కుర్రవాడు ఎంతో మర్యాదగా, "సార్, ఓమ్‌లు ఎంత ఎక్కువుంటే సౌండ్ అంత బాగుంటుంది. మీరు 250 ఓమ్‌లది తీసుకోండి, దానికో ఆంప్ కూడా తీసుకోండి" అన్నాడు. ఓమ్ అంటే హెడ్‌ఫోన్స్ విద్యుత్తుకు ఇచ్చే నిరోధానికి కొలత, ఆంప్ అంటే శబ్దాన్ని పెంచే పెట్టె. ఒకసారి పెట్టుకుని చూడవచ్చా అని అడిగితే, సీలు తీస్తే మళ్లీ అమ్ముడుపోదని నవ్వాడు. అతని బాధ అతనిది. కానీ చెవికి పెట్టుకోకుండా హెడ్‌ఫోన్స్ కొనడం, వేసుకుని చూడకుండా చెప్పులు కొనడం లాంటిదని నాకు అనిపించి, ఉత్త చేతులతో తిరిగి వచ్చాను.

ఆ రాత్రి ఓమ్‌ల సంగతి లెక్కగట్టుకున్నాను. బేయర్‌డైనమిక్ సంస్థ డీటీ 990 ప్రో హెడ్‌ఫోన్స్‌లో 250 ఓమ్‌ల రకానికి ఒక మిల్లీవాట్ ఇస్తే 96 డెసిబెల్స్ వస్తాయి. 250 ఓమ్‌ల వద్ద ఒక మిల్లీవాట్ అంటే అర వోల్టు. ఒక వోల్టు ఇస్తే దానికి 6 డెసిబెల్స్ కలిసి 102 అవుతుంది. అదే సంస్థ డీటీ 770 ప్రో 80 ఓమ్‌ల రకానికీ మిల్లీవాట్‌కు 96 అనే రాసి ఉంటుంది గాని, ఓమ్‌లు తక్కువ కాబట్టి ఒక వోల్టుకు అది 107 దాకా వెళుతుంది. 102 అయినా 107 అయినా చెవులు చిల్లులు పడే శబ్దమే. ఓమ్‌లు నాణ్యతకు కొలత కావు, ఎంత వోల్టేజీ కావాలో చెప్పే అంకె మాత్రమే. కంప్యూటర్‌కు తగిలించి హెడ్‌ఫోన్స్ పెట్టుకునే, ఒక వోల్టు ఇచ్చే చిన్న డాంగిల్ ఉంటే నాకు వేరే ఆంప్ అక్కర్లేదని అలా తేలింది.

తరువాతి శనివారం మా తమ్ముడితో ఒక పరీక్ష పెట్టించుకున్నాను. ఇద్దరమే ఉన్న మ్యాపులో నేను ఒకచోట నిలబడి, మౌస్ వదిలేసి, కళ్లు మూసుకున్నాను. వాడు నా చుట్టూ ఏదో ఒక దిక్కుకు నాలుగడుగులు పరుగెత్తి ఆగాలి. నేను గడియారం ముల్లు లెక్కన పన్నెండు, మూడు, ఆరు, తొమ్మిది అని దిక్కు చెప్పాలి. మొత్తం ఇరవై నాలుగు సార్లు. "అన్నా, నువ్వు కళ్లు తెరవట్లేదని గ్యారంటీ ఏంటి?" అని వాడి అనుమానం, వచ్చిన మార్కులు చూశాక ఆ అనుమానం తీరిపోయింది. పాత హెడ్‌సెట్‌తో, 7.1 పెట్టి ఉంచినప్పుడు, ఇరవై నాలుగులో పదమూడు సరిపోయాయి. తప్పిన పదకొండులో తొమ్మిది ముందును వెనకగా, వెనకను ముందుగా చెప్పినవే. ఊరికే చూద్దామని 7.1 తీసేసి అదే హెడ్‌సెట్‌తో మళ్లీ చేశాను. ఇరవై వచ్చాయి. పైసా ఖర్చు లేకుండా ఏడు మార్కులు పెరిగాయి.

కారణం తర్వాత బోధపడింది. పక్కనుంచి వచ్చే శబ్దం ఒక చెవికి ముందు, రెండో చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడా ఎంత ఎక్కువైనా ఇంచుమించు 0.7 మిల్లీసెకన్లను మించదు, అయినా మెదడు దాన్ని పట్టేస్తుంది. సరిగ్గా ఎదురునుంచో సరిగ్గా వెనకనుంచో వచ్చే శబ్దానికి మాత్రం ఆ తేడా ఉండదు. అప్పుడు ఆధారం చెవి డొప్ప ఆకారమే. ముందునుంచి వచ్చే సన్నని ధ్వనులను అది ఒకలా, వెనకనుంచి వచ్చేవాటిని ఇంకోలా మారుస్తుంది. ఆ మార్పులనే లెక్కగట్టి శబ్దానికి కలిపే పద్ధతిని హెచ్‌ఆర్‌టీఎఫ్ అంటారు, ఆ పని ఆటే స్వయంగా చేసి పంపుతుంది. దాని మీద నా హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్, వచ్చిన శబ్దాన్ని గదిలోని స్పీకర్ల శబ్దంగా భావించి, మళ్లీ తన వంతు మార్పులు చేసేది. రెండుసార్లు తాలింపు పెట్టిన పప్పులాగా తయారయ్యేది. విండోస్‌లోని లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్‌ను కూడా అప్పుడే తీసేశాను. అది చిన్న అడుగులను పెద్దవి చేసే మాట నిజమే గాని, దగ్గరి అడుగూ దూరపు అడుగూ ఒకే మోతాదులో వినిపించి దూరం తెలియకుండా పోతుంది.

దిక్కు తెలిసింది కదా, ఇక కొనడం ఎందుకని ఒక వారం తటపటాయించాను. నల్ల పొట్టు, తలనొప్పి ఎలాగూ ఉన్నాయి. వాటికి తోడు, 7.1 తీసేశాక అంతకుముందు పట్టించుకోని ఇంకో చప్పుడు పైకి తేలింది. ఆటలో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు సన్నగా చిర్రుమనేది. మౌస్ కదిపితే దాని స్థాయి మారేది, గ్రాఫిక్స్ కార్డు మీద భారం పెరిగితే ఇంకాస్త హెచ్చేది. క్యాబినెట్ పక్క పలక విప్పి చూస్తే, ముందు జాక్ నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే సన్నని వైరు గ్రాఫిక్స్ కార్డు కిందనుంచి, దాన్ని దాదాపు ఆనుకుని వెళుతోంది. వెనకవైపు ఆకుపచ్చ జాక్‌కు మార్చితే చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. చివరికి ఆపిల్ టైప్-సి డాంగిల్ ఒకటి కొని కంప్యూటర్ వెనక పోర్టుకు పెట్టాను. అంకెలను శబ్దంగా మార్చే పని క్యాబినెట్ బయట జరగడంతో ఆ చిర్రు మాయమైంది. వేలెడంత వైరు ముక్క ఇంత పని చేస్తుందని నేను అనుకోలేదు.

హెడ్‌ఫోన్స్ విషయంలో ఎవరిని అడిగినా, గేమింగ్‌కు ఓపెన్ బ్యాక్ తీసుకోమనే చెప్పారు. డొప్పల వెనకభాగం జాలీలా తెరిచి ఉండటం వల్ల శబ్దం తల బయట ఉన్నట్టు విశాలంగా వినిపిస్తుందనేది వాళ్ల మాట, అది నిజం కూడా. మా ఆఫీసులో ఒకాయన తన సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్‌ను శని ఆదివారాలకు అరువిచ్చారు. పెట్టుకోగానే, ఇంతకాలం పెట్టెలోంచి విన్నానని అర్థమైంది. పరీక్షలో ఇరవై రెండు వచ్చాయి. కొనేద్దామని నిశ్చయించుకున్నంత పనైంది.

ఆ పరీక్ష జరిగినంతసేపూ నేను ఫ్యాను ఆపి ఉంచానని, చెమటలు కారుతుంటే గాని గుర్తు రాలేదు. ఫ్యాను అయిదులో పెట్టి మళ్లీ కూర్చున్నాను. తెరిచిన డొప్పల్లోంచి గాలి హోరంతా లోపలికి వచ్చేసింది. దగ్గరి అడుగులకు ఇబ్బంది లేదు, దూరంగా మెట్ల మీద వినపడే అడుగులు మాత్రం ఆ హోరులో కలిసిపోయాయి. అంతలో వంటింట్లో అమ్మ పచ్చడికి మిక్సీ వేసింది. మార్కులు పదహారుకు దిగాయి. శబ్దం పెంచుకుంటే సరిపోతుంది గదా అనుకుని పెంచాను; విండోస్‌లో 24 దగ్గర ఉండేది 38కి చేరింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్స్ వరకు సురక్షితమని చెబుతుంది, ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ గంటలు సగమవుతాయి. అంటే 86 దగ్గరికి వస్తే వారానికి పది గంటలే. ఫ్యాను హోరును ఓడించడం కోసం చెవులను ఖర్చుపెట్టడం నాకు నచ్చలేదు. హైదరాబాద్ వేసవిలో ఫ్యాను లేకుండా ఆడమనే సలహా ఎవరిస్తారో వాళ్లను మా గదిలో ఒక గంట కూర్చోబెట్టాలి.

అందుకని అందరి సలహానూ పక్కన పెట్టి డొప్పల వెనకభాగం మూసి ఉండే క్లోజ్డ్ బ్యాక్ వైపు తిరిగాను. ఇంట్లో పాటలు రికార్డు చేసుకునే ఒక కుర్రవాడి దగ్గర ఏడాది వాడిన డీటీ 770 ప్రో, 80 ఓమ్‌లది, దొరికింది. వాళ్లింటికి వెళ్లి, నా డాంగిల్‌ను, నా కళ్లజోడును పెట్టుకునే అరగంట విని, ఎనిమిదిన్నర వేలకు తెచ్చుకున్నాను. ఫ్యాను తిరుగుతుండగా దీనితో ఇరవై ఒకటి వచ్చాయి, అదీ శబ్దం 22 దగ్గర ఉంచి. చెవి మెత్తలు తోలువి కాకుండా మఖమల్ లాంటి బట్టవి కావడంతో చెమట పీల్చుకుంటాయి, కళ్లజోడు కాడలు వాటిలో ఒదిగిపోతాయి. లోపాలు లేకపోలేదు. బేస్ మోతాదు మించి ఉండి, బాంబు పేలిన క్షణంలో అడుగులను మింగేసేది. ఈక్వలైజర్ ఏపీఓ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కింది స్థాయి ధ్వనులను 4 డెసిబెల్స్ తగ్గించాను. మూడు మీటర్ల వైరు హెడ్‌ఫోన్స్‌నుంచి ఊడి రాదు. తెచ్చిన నాలుగో రోజే దాని మీదుగా కుర్చీ చక్రం పోనిచ్చి, తెగిందేమోనని గుండె ఆగినంత పనైంది. ఇప్పుడు సగం వైరును చుట్టచుట్టి బల్ల కోడుకు కట్టి ఉంచాను.

వీటికి మైకు ఉండదు. చొక్కాకు తగిలించే బోయా బీవై-ఎం1 తీసుకున్నాను. దానికి ఆరు మీటర్ల వైరు ఉంటుంది, మా గది ఆ చివరినుంచి ఈ చివరికి కూడా అంత లేదు. దాని పిన్ను మీద మూడు నల్ల గీతలు ఉంటాయి, అంటే అది ఫోన్ల పద్ధతిలోది, డెస్క్‌టాప్ గులాబీ జాక్‌లో నేరుగా పెడితే నాకు సరిగా పనిచేయలేదు. మైకును, హెడ్‌ఫోన్‌ను విడదీసే స్ప్లిటర్ కావాలని అడిగి తెచ్చుకున్నది తీరా చూస్తే ఇద్దరు కలిసి పాట వినడానికి వాడేది. మైకు బొమ్మ, హెడ్‌ఫోన్ బొమ్మ విడివిడిగా ఉన్నది తీసుకోవాలని రెండోసారి గాని తెలియలేదు. చెవులు మూసుకుపోయి ఉండటంతో నా గొంతు నాకే సరిగా వినపడక, తెలియకుండానే గట్టిగా మాట్లాడేవాణ్ణి. "ఎందుకురా అలా అరుస్తావు, పక్కింటివాళ్లు ఏమనుకుంటారు?" అని అమ్మ వచ్చి నిలబడ్డ రోజునుంచి, మాట్లాడేటప్పుడు ఎడమ డొప్పను సగం పక్కకు జరుపుకోవడం అలవాటు చేసుకున్నాను. మిక్సీ చప్పుడు అవతలివాడికి వెళ్లకుండా, మీట నొక్కినప్పుడే మైకు తెరుచుకునేలా పెట్టాను.

ఇదంతా విని మా తమ్ముడు కూడా హెడ్‌ఫోన్స్ కొనడానికి సిద్ధమయ్యాడు. ముందుగా సరౌండ్ తీసేసి ఒకసారి పరీక్ష చేసుకోమన్నాను. వాడికి పద్దెనిమిదినుంచి ఇరవై ఒకటికి పెరిగాయి. "అయితే నీలాగే 770 తీసుకోనా అన్నా?" అన్నాడు. వాడి గదిలో ఏసీ ఉంది, తలుపు వేస్తే వంటిల్లు వినపడదు, ఫ్యాను వేసే అవసరమే రాదు. ఆఫీసాయన దగ్గర ఆ 560ఎస్‌ను మరో శని ఆదివారాలకు అడిగి పుచ్చుకుని, విశాఖ వెళ్లే బావగారి చేత పంపించాను. సోమవారం అది తిరిగి రాలేదు. ఆఫీసాయనకు డబ్బు పంపి వాడే ఉంచేసుకున్నాడు.