పన్నెండో స్ప్రింగు

మా ఆర్‌ఎక్స్-8, అంటే రోటరీ ఇంజనున్న మాజ్దా కారు, వేడి మీద స్టార్ట్ కావడం మానేసింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పగానే అందుకునేది. కాసేపు నడిపి, పెట్రోలు కొట్టించుకుని మళ్ళీ తిప్పితే మాత్రం స్టార్టర్ తిరుగుతూనే ఉండేది, ఇంజను పలికేది కాదు. అరగంట ఆగితే మళ్ళీ మామూలే. రోటరీ నడిపేవాళ్ళకి ఈ సంగతి చెబితే ఇంకేమీ అడగరు. "కంప్రెషన్ ఎంతుంది?" అంటారు, అంతే. అంటే ఇంజను లోపల గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందని.

మామూలు గేజీ దీనికి పనికిరాదు. పిస్టన్ల బదులు ఇందులో తిరిగేవి రెండు మూడు-మూలల రోటర్లు. ఒక్కో రోటరుకి మూడు ముఖాలు, మూడు గదులు. మామూలు గేజీ వాటిలో అన్నిటికంటే ఎక్కువున్న అంకె దగ్గర ఆగిపోతుంది, బలహీనమైన గది దాని వెనక దాక్కుంటుంది. అందుకని రోటరీ టెస్టరు ఒకటి అరువు తెచ్చాను. ముందు రోటరు 700, 690, 695 కిలోపాస్కల్. వెనకది 690, 570, 560. నిమిషానికి 250 చుట్ల దగ్గర 680 కంటే తగ్గకూడదని మాజ్దా లెక్క.

రెండు అంకెలు జంటగా పడిపోయాయంటే ఇంజను విప్పక ముందే సగం సంగతి తెలిసిపోయినట్టే. రోటరు మూల మీద ఉండే ఎపెక్స్ సీల్, రెండు గదుల మధ్య గోడ. ఆ గోడ కారితే రెండు పక్కలా నష్టమే.

ఇంజను దించాం. వెనక రోటరు బయటికి తీసి చూస్తే ఒక ఎపెక్స్ సీల్ తన గాడిలోనే కార్బన్‌తో బిగుసుకుపోయి ఉంది. కింద స్ప్రింగు ఎంత తోసినా లేవదు. సీల్ పోతే పోయింది, కొత్తది దొరుకుతుంది. నా గుండె జారింది హౌసింగు, అంటే రోటరు తిరిగే గూడు, చూశాక. అల్యూమినియం పోత లోపల ఇనుప రేకు, దాని మీద క్రోమ్ పూత ఉంటుంది. ఆ పూత అంచు వెంబడి పొరలుగా లేచిపోయింది. గోటితో రాస్తే తగులుతోంది.

ఈ ఇంజను కథంతా హౌసింగు లోపలి గోడ మీద గీతలతోనే మొదలైంది. ఫెలిక్స్ వాంకెల్ ఆలోచనని జర్మనీలో ఎన్‌ఎస్‌యూ కంపెనీ ఇంజనుగా మలిస్తే, లైసెన్సు తీసుకుని హిరోషిమాలో మాజ్దా పని మొదలుపెట్టింది. నడిపిన ఇంజను విప్పితే హౌసింగు లోపల అడ్డంగా అలలు అలలుగా గీతలు. వాటికి వాళ్ళు పెట్టుకున్న పేరు దయ్యం గోళ్ళ గీతలు. కెనిచి యమమొతో నాయకత్వంలో 47 మంది ఇంజనీర్లు దాని వెంట పడి, చివరికి కార్బన్‌లో అల్యూమినియం కలిపిన సీల్‌తో గట్టెక్కారు. 1967లో మాజ్దా రోటరీ కారు కాస్మో స్పోర్ట్ రోడ్డెక్కింది. నా హౌసింగు మీద గోరు తగిలిన ప్రతిసారీ ఆ 47 మందే గుర్తొచ్చారు.

వాల్వులు లేవు, క్యామ్‌షాఫ్టు లేదు. రోటరు ఒక చుట్టు తిరిగేసరికి షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. ఒక్కో గది 654 సీసీ. 1991లో లె మాన్స్ 24 గంటల పందెం గెలిచిన మాజ్దా రేసు కారు 787బిలోనూ అదే కొలత, కాకపోతే అక్కడ నాలుగు రోటర్లు. నాకున్నవి రెండే అయినా నిమిషానికి తొమ్మిది వేల చుట్ల దాకా ఎక్కడా తడబడకుండా పాడుకుంటూ పోతుంది. ఇలాంటి ఇంజనుని తుక్కుకి వెయ్యడానికి నాకు చేతులు రావు.

ఆర్‌ఎక్స్-8 తయారీ 2012లో ఆగిపోయింది. 2023లో మాజ్దా ఎంఎక్స్-30 కారులో మళ్ళీ రోటరీ వచ్చింది గానీ అది ఒకే రోటరు, 830 సీసీ, పని కరెంటు పుట్టించడం. దాని కొలతలే వేరు. మాజ్దా పాత రోటరీ కారు ఆర్‌ఎక్స్-7 హౌసింగు తెచ్చి వేద్దామంటే దానికి పొగ పోయే రంధ్రం హౌసింగులోనే ఉంటుంది. మా ఇంజనులో ఆ రంధ్రాలు పక్క పలకల్లోకి మారాయి. కాబట్టి మాకు మా హౌసింగే కావాలి, అదీ పూత చెడనిది.

సీళ్ళు ఎవరైనా తయారు చేస్తారు. మంచి హౌసింగులు మాత్రం ఎవరో ఒకరు పారెయ్యకుండా దాచబట్టే మిగిలాయి. నాకు దొరికింది ఒక పెద్దాయన దగ్గర. ఆయన కారు గుద్దుకుని పోయినా, ఇంజనుని ముక్కముక్కగా తుడిచి, నూనె కాగితం చుట్టి అటక మీద పెట్టారు. హౌసింగు చేతిలో పెడుతూ, "డబ్బు సంగతి వదిలెయ్. నువ్వు విప్పిన దాంట్లో బాగున్నవేవీ పారెయ్యకు" అన్నారు. ఆ మాటకే నా ఇంజను ముందు రోటరువి, పక్కలుండే పాత సైడ్ సీళ్ళతో సహా, కొలిచి పెట్టాను.

బిగించేటప్పుడు మా పాప పక్కన కూర్చుంది. గళ్ళ ట్రేలో ఏ మూల సీల్ ఆ గడిలో, చీటీతో సహా. రెండు రోటర్లకి కలిపి మూలల్లో పెట్టే కార్నర్ సీళ్ళు పన్నెండు, ఒక్కో దాని కింద ఒక బుల్లి స్ప్రింగు. అవి జారిపోకుండా వ్యాజలీన్ రాసి నిలబెట్టాలి. వెనక హౌసింగు దించబోతుంటే, "నాన్నా, ఆగు. పదకొండే పెట్టావు" అంది. నేను పన్నెండూ పెట్టాననే అనుకుంటున్నాను. నేల తుడిచాం, గుడ్డలు దులిపాం, అయస్కాంతం తిప్పాం. గంట గడిచింది. అది లేకుండా బిగించేస్తే కార్ నడిచేదే, ఆ మూల మాత్రం కారుతూనే ఉండేది. చివరికి నా మోచేతి దగ్గర చొక్కాకి అంటిన వ్యాజలీన్‌లో దొరికింది. పాపే తీసి, తనే దాని చోట పెట్టింది.

మొదటి స్టార్టుకి చాలాసేపు తిప్పాల్సొచ్చింది. వ్యాజలీన్ కాలి షెడ్డంతా తెల్ల పొగ. 1,500 కిలోమీటర్లు తొందరపెట్టకుండా నడిపాక చూస్తే ఆరు అంకెలూ 780 పైన ఉన్నాయి. ఇప్పుడు ట్యాంకు నింపిన ప్రతిసారీ కొంచెం టూ-స్ట్రోక్ ఆయిలు కలుపుతున్నాను. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి వెంటనే ఆపేస్తే ప్లగ్గులు పెట్రోలుతో తడిసిపోతాయి కాబట్టి వేడెక్కే దాకా ఆపను. పూర్తిగా వేడెక్కాక, దారి ఖాళీగా ఉంటే, చుట్లు హద్దు దగ్గరికి వచ్చాయని బీప్ మోగే దాకా ఒక్కసారి తొక్కుతాను. లోపల కార్బన్ చేరకుండా ఉండాలంటే ఈ ఇంజనుకి ఆ పరుగు కావాలి.

పెద్దాయన హౌసింగు మీద కాగితం టేపు అంటించి, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, పూత ఎలా ఉందో, ఏ రోజు విప్పారో పెన్సిలుతో రాసుకున్నారు. బిగించే ముందు ఆ టేపుని చిరగకుండా ఊడదీసి నా నోటుపుస్తకంలో అంటించాను. దాని కింద మేము బిగించిన తేదీ, ఆరు అంకెలు రాశాను. పాప తన పేరు కూడా రాసింది.