మా పెరట్లో బీచ్

"బీచ్ కొన్నాను నాన్నా" అని ఫోన్‌లో చెబితే, "సముద్రం కొనేంత జీతాలొస్తున్నాయా మీకు?" అన్నారు మా నాన్న. ఆయన తప్పేం లేదు, తెలుగులో రాస్తే సముద్రపు బీచ్, చెట్టు బీచ్ రెండూ బీచే. మర్టిల్ బీచ్ అని గూగుల్‌లో కొడితే నాకూ ముందు వచ్చింది అమెరికాలోని సౌత్ కరోలినా సముద్రతీరమే.

నేను కొన్నది మర్టిల్ బీచ్ అనే చెట్టుకి జానెడు మొక్క. శాస్త్రీయ నామం నోథోఫాగస్ కన్నింగ్‌హమీ. 2013లో దీన్ని లోఫోజోనియా అనే ప్రజాతిలోకి మార్చారు కానీ నర్సరీల్లో ఆ పేరు పలికినవాళ్ళు నాకింతవరకు తగల్లేదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా, టాస్మేనియాల్లో తప్ప ఇది తనంతట తాను ఎక్కడా పెరగదు. దాన్ని మెల్‌బోర్న్ పడమటి శివార్లలో పెంచాలనుకోవడం, మా కొత్తగూడెంలో యాపిల్ తోట వేయాలనుకోవడం లాంటిదని అప్పటికి నాకు తెలియదు.

అసలీ పిచ్చి ఎలా పట్టిందంటే, విక్టోరియా సముద్రతీరం వెంట సాగే గ్రేట్ ఓషన్ రోడ్డు మీద వెళ్తుంటే పిల్లాడికి కడుపులో తిప్పింది. అపోలో బే అనే ఊరు దాటాక సుమారు 17 కిలోమీటర్ల దూరంలో మెయిట్స్ రెస్ట్ అనే చోట కారు ఆపాం. వందేళ్ళ కిందట మెయిట్‌లాండ్ బ్రయన్ అనే అటవీ ఉద్యోగి తన గుర్రానికి అక్కడే అలుపు తీర్చేవాడట, అందుకే ఆ పేరు. 800 మీటర్ల నడకదారి ఉంది. నవంబరు నెల, పైన రోడ్డు మీద ఎండ. లోయలోకి దిగేసరికి స్వెట్టర్లు వెతుక్కున్నాం. నేలంతా నాచు, మనిషికి రెండింతల ఎత్తు ఫెర్న్ చెట్లు, వాటి మధ్య బుడిపెలు కట్టిన లావుపాటి మొదళ్ళతో బీచ్ చెట్లు. అంత చెట్టుకి ఆకు చిటికెన వేలి గోరంతే! అంచులకి రంపపు పళ్ళు. ఏడాది పొడుగునా ఆకు నిలిచి ఉండే చెట్టే అయినా కొత్త చిగుళ్ళు మాత్రం అచ్చం మన మామిడి చిగురులా రాగి రంగులో ఉన్నాయి. కొమ్మలకి బూందీ లడ్డూలు అతికించినట్టు నారింజ రంగు ఉండలు కూడా కనిపించాయి. అవి సిట్టేరియా గన్నీ అనే శిలీంధ్రం, ఈ చెట్టు మీద బతుకుతుంది. ఇక్కడి ఆదివాసులు తినేవారట. మావాడు చేయి చాచాడు, నేను వెనక్కి లాగాను.

ఆ చిగురు కళ్ళలోంచి పోలేదు. నేషనల్ పార్కులో గింజ కూడా ఏరుకోకూడదు కాబట్టి, స్థానిక మొక్కలమ్మే ఒక నర్సరీలో కొన్నాను.

మొదటి మొక్కని నేరుగా పెరట్లో నాటాను. మా వైపు నేల పాత లావా రాయి మీద ఏర్పడిన బంకమట్టి. వానకి జిగురు, ఎండకి బీటలు, నల్లరేగడి గుర్తొస్తుంది. జనవరి ఇక్కడ మనకి రోహిణి కార్తె లాంటిది. ఎడారి మీదుగా ఉత్తరపు వడగాలి వీచిన ఒకరోజు 40 దాటింది. మూడు రోజుల్లో మొక్క టీపొడి రంగుకి తిరిగింది.

రెండోదాన్ని తెలివిగా కుండీలో పెట్టి, ఇంటికి ఉత్తరం గోడ పక్కన ఉంచాను. మన ఊళ్ళో ఉత్తరం పక్కే కదా చల్లగా ఉండేది. నాలుగేళ్ళుగా ఇక్కడ ఉంటూ, ఈ దేశంలో సూర్యుడు ఉత్తరం వైపు నుంచి కాస్తాడన్న సంగతి బట్టలారేసేటప్పుడు తెలుసు, మొక్క పెట్టేటప్పుడు తట్టలేదు. ఇటుక గోడ సెగకి అదీ పోయింది. మా ఆయన ఏమీ అనలేదు, ఖాళీ కుండీలో కొత్తిమీర చల్లారు.

మూడోసారి వెళ్తే నర్సరీలో పెద్దాయన మొక్క ఇవ్వలేదు! "గాలి ఎటు నుంచి? మట్టి ఏమిటి? మధ్యాహ్నం నీడ ఎంతసేపు?" అని అడిగి, ముందు వెళ్ళి ఆ చెట్టు ఎక్కడుంటుందో చూసి రమ్మన్నారు. చూశానంటే, "ఈసారి పైకి కాదు, కిందకి చూడండి" అన్నారు.

జులైలో వార్‌బర్టన్ పక్కన డోనా బువాంగ్ కొండదారిలో, సిమెంట్ క్రీక్ దగ్గరున్న రెయిన్‌ఫారెస్ట్ గ్యాలరీకి వెళ్ళాం. 15 మీటర్ల ఎత్తున చెట్ల మధ్యకి సాగిన వంతెన ఉంది. ఫోటోలన్నీ అక్కడే తీసుకుంటారు. నేను మాత్రం కింద చెక్కదారి మీద మోకాళ్ళ మీద కూర్చుని గంటసేపు చూశాను. బీచ్ పిల్లమొక్కలు మామూలు నేల మీద కంటే, పడిపోయి కుళ్ళుతున్న దుంగల మీద ఎక్కువగా ఉన్నాయి. అంటే వేరుకి కావలసింది తడి, గుల్లదనం. నీళ్ళు నిలవకూడదు, ఆరిపోకూడదు. పైన మౌంటెన్ యాష్ యూకలిప్టస్‌లు గొడుగు పట్టినట్టున్నాయి. గింజలు ఎక్కువగా తల్లిచెట్టు చుట్టుపక్కలే రాలతాయి కాబట్టి ఈ అడవి లోయ దాటి త్వరగా పాకలేదు. మంటలొస్తే యూకలిప్టస్ గింజతో మళ్ళీ లేస్తుంది, ఈ బీచ్ చాలావరకు చచ్చిపోతుంది. అందుకే నిప్పు అంతగా చేరని తడి లోయల్లోనే మిగిలింది. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకి పైగా వాన పడే చోట్లు అవి. మా పెరట్లో అందులో సగం.

ఒక మొదలు మీద ఎవరో ప్రేమికులు పేర్లు చెక్కారు. బెరడుకి గాయమైతే అందులోంచి మర్టిల్ విల్ట్ అనే ఎండుతెగులు శిలీంధ్రం చేరుతుంది, ఒకటి నుంచి మూడేళ్ళలో చెట్టు పోతుంది. వాళ్ళ ప్రేమ అన్నాళ్ళైనా నిలిచిందో లేదో.

ఆ రాత్రి నాన్నకి ఇదంతా చెప్పాను. ఈ చెట్టు చుట్టాలు న్యూజిలాండ్, చిలీ, అర్జెంటీనా, న్యూ గినియాల్లో ఉన్నాయనీ, పుప్పొడి శిలాజాలు అంటార్కిటికాలోనూ దొరికాయనీ, ఇవన్నీ ఒకప్పుడు గోండ్వానా అనే ఒకే భూభాగమనీ. నాన్న సింగరేణిలో పనిచేసి రిటైరయ్యారు. "మా గనుల్లో రాళ్ళని గోండ్వానా రాళ్ళనేవాళ్ళం. గోండుల నేల అని అర్థం. మరి మనకెందుకు లేదమ్మా ఆ చెట్టు?" అన్నారు. ఈ జాతి పుట్టకముందే మన దేశపు ముక్క విడిపోయి ఉత్తరానికి బయల్దేరింది అన్నాను. "ముందు బస్సు ఎక్కేశామన్నమాట" అన్నారు.

మూడో మొక్క చేతికొచ్చింది. ఈసారి కుండీని ఆగ్నేయం మూలలో పెట్టాను, పొద్దుటి ఎండ తప్ప ఇంకేదీ పెద్దగా తగలదు. అడుగున పళ్ళెం లేదు, ఇటుక ముక్కల మీద ఎత్తి ఉంచాను. కెమేలియా పూల మొక్కలకి వాడే పుల్లటి మట్టిలో పైన్ బెరడు తురుము, కొబ్బరి పీచు కలిపాను. పైన ఎండుటాకులు మందంగా పరిచాను. ఎరువు చిటికెడే. వీలైనంతవరకు వాన ట్యాంకు నీళ్ళే పోస్తాను. ఇది నర్సరీ ఆయన చెప్పింది. వేసవికి నాన్న ఇంకోటి చెప్పారు: కుండీకి గోనెసంచి చుట్టి తడుపుతూ ఉండమని. మంచినీళ్ళ కుండకి తడిగుడ్డ చుట్టినట్టే. నాకైతే అన్నిటికంటే అదే ఎక్కువ పనికొచ్చింది. ఇండియన్ స్టోర్‌లో బియ్యం సంచులు ప్లాస్టిక్‌వి, అసలైన గోనె కోసం నాలుగు షాపులు తిరిగాను.

రెండున్నరేళ్ళైంది. నా మోకాలి ఎత్తుకి వచ్చింది. ఫిబ్రవరిలో ఆకుల అంచులు ఇప్పటికీ మాడతాయి, కానీ సెప్టెంబరులో మారాకు వేస్తుంది. మొన్న వీడియో కాల్‌లో చూపిస్తే నాన్న, "ఇది మామిడి కాదూ?" అన్నారు. అడవిలో 40 మీటర్లకి పెరిగే చెట్టు ఎల్లకాలం కుండీలో ఉండదు. డాండినాంగ్ కొండల్లో ఉండే మా స్నేహితురాలు తన పెరట్లో వాగు పక్కన చోటిస్తానంది. పంపాలంటే మనసొప్పడం లేదు, వచ్చే శీతాకాలం చూద్దాం.

రేపు 39 డిగ్రీలట. గోనెసంచి తడిపి రావాలి.