బోడెలేలో దుమ్ము లేవలేదు

మాది అనంతపురం జిల్లా. ఆషాఢం గాలికి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని నడుస్తూ పెరిగినదాన్ని. పీహెచ్‌డీలో వాతావరణ మోడల్‌తో ఎడారి దుమ్ము ప్రపంచమంతా ఎలా తిరుగుతుందో లెక్కగట్టే పని దొరికినప్పుడు చాలా సంతోషపడ్డాను.

మొదటి రన్ అయ్యాక మ్యాప్ తెరిచాను. చాద్ దేశంలో బోడెలే పల్లం ఖాళీగా కనిపించింది. భూమ్మీద అన్నిటికంటే ఎక్కువ దుమ్ము లేచే చోట్లలో అదొకటి! ఒకప్పుడు అక్కడ మహా సరస్సు ఉండేది. అది ఎండిపోయి, డయాటమ్‌లనే అతి చిన్న నీటి నాచుల పెంకులతో ఏర్పడ్డ తెల్లటి, తేలికైన మట్టి మిగిలింది. తిబెస్తి, ఎన్నెడి కొండల మధ్య సందులోంచి దూసుకొచ్చే గాలి నేరుగా దాని మీద పడుతుంది. నా మోడల్ భూమిని గడులుగా విడగొట్టి లెక్కగడుతుంది, ఒక్కో గడి వెడల్పు సుమారు 200 కిలోమీటర్లు. అంత పెద్ద గడిలో కొండలు చదునైపోయాయి, సందు మాయమైంది, గాలి మందగించింది.

గాలి ఆ మాత్రం తగ్గితే ఇంత తేడా ఎందుకు? దుమ్ము లేవాలంటే గాలి ముందు ఒక హద్దు దాటాలి. దాటాక మొదట ఇసుక రేణువులు గెంతుతాయి. అవి నేలను కొడితే ఆ దెబ్బకు సన్నటి దుమ్ము పైకి లేస్తుంది. గాలి పెరిగేకొద్దీ ఇది దాదాపు ఘనం లెక్కన పెరుగుతుంది. కాగితం మీద వేసి చూసుకున్నాను. సగం రోజు సెకనుకు 4 మీటర్ల గాలి, సగం రోజు 12. సగటు 8, దాని ఘనం 512. విడివిడిగా వేస్తే 64, 1728. వాటి సగటు 896. ఇక హద్దు 9 దగ్గరుంటే, సగటు గాలికి చిటికెడు దుమ్ము కూడా లేవదు.

ల్యాబ్‌లో సీనియర్ ఒకాయన దగ్గరి దారి చెప్పారు: "ఫార్ములా ముందున్న స్థిరాంకం పెంచమ్మా, ప్రపంచం మొత్తం దుమ్ము లెక్క సరిపోతుంది." పెంచాను, సరిపోయింది. దుమ్ము ఆప్టికల్ డెప్త్, అంటే గాలిలోని దుమ్ము ఎండను ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత, ప్రపంచ సగటు 0.03 దగ్గరికి వచ్చింది. బోడెలే మాత్రం అలాగే ఉంది, దాని వాటా దుమ్ము ఇంకెక్కడెక్కడి నుంచో లేచింది. మనసొప్పలేదు. 2011లో 15 మోడళ్లను పోల్చి చూస్తే ఏటా లేచే దుమ్ము 50 కోట్ల టన్నుల నుంచి 400 కోట్ల టన్నుల పైదాకా వచ్చింది. మొత్తం ఒక్కటే చూసి మోడల్‌ను నమ్మకూడదని నాకప్పుడు గట్టిగా అనిపించింది.

స్థిరాంకం పాతదే పెట్టి, గడిని 50 కిలోమీటర్లకు తగ్గించి మళ్లీ నడిపాను. జనవరి మ్యాప్‌లో బోడెలే నుంచి నైరుతికి సన్నటి తోక సాగింది. ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

తర్వాతి చిక్కు రేణువుల సైజు. తూర్పార పట్టేటప్పుడు గింజ కాళ్ల దగ్గర పడుతుంది, పొట్టు దూరం పోతుంది. మోడల్ కూడా ముతక దుమ్మును ఇలాగే తొందరగా రాల్చేస్తుంది. కానీ గాలిలో నిజంగా ఉన్న ముతక దుమ్ము మోడళ్లు చూపేదానికి దాదాపు 4 రెట్లని 2020లో అడెబియి, కాక్ అనే శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. సన్న దుమ్ము ఎండను తిప్పికొట్టి భూమిని చల్లబరుస్తుంది, ముతకది వేడిని పట్టి ఉంచుతుంది. సైజు తప్పితే వాతావరణం మీద దుమ్ము ప్రభావం లెక్కే తప్పుతుంది. మట్టిగడ్డ గాజులా పెళుసుగా పగులుతుందన్న కాక్ సిద్ధాంతం ప్రకారం, లేచేటప్పుడే సన్నది తగ్గించి ముతకది పెంచాను.

ఆఫ్రికా దుమ్ము అట్లాంటిక్ దాటి చేరే బార్బడోస్ దీవిలో 1965 నుంచి దుమ్ము కొలుస్తున్నారు, శాస్త్రవేత్త జోసెఫ్ ప్రాస్పెరో మొదలుపెట్టిన పని అది. అక్కడి వేసవి పెరుగుదల ఇప్పుడు నా గ్రాఫ్‌లోనూ వచ్చింది, కానీ జూన్, జూలైల్లో ఇంకా తక్కువే. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సాహెల్‌లో ఉరుముల వాన కింద నుంచి దొర్లుకొచ్చే చల్లగాలి పెద్ద గోడలా దుమ్ము లేపుతుంది. 50 కిలోమీటర్ల గడికి ఆ గాలి చిక్కదు. అందుకే పశ్చిమాఫ్రికా ఒక్కదాన్నే, ఒక్క జూన్ నెలకే, 4 కిలోమీటర్ల గడితో నడపబోతున్నాను. ఆ రన్ ఇప్పుడు సూపర్‌కంప్యూటర్ క్యూలో ఉంది.