షిమొనదాలో టికెట్ లేకుండా ఎక్కాను

జపాన్ రైళ్లలో తిరగడానికి విదేశీ పర్యాటకులు కొనే ఏడు రోజుల జేఆర్ పాస్ 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి ఒక్కసారే 50,000కి ఎగబాకింది. ఆ కోపంతో ఈసారి పాస్ కొనలేదు. ఎక్కడికక్కడ టికెట్లు కొనుక్కుంటూ తిరిగాను.

మత్సుయామా నగరం నుంచి సముద్రం పక్కనున్న చిన్న స్టేషన్ షిమొనదాకి సుమారు గంట. ఒక్కటే పెట్టె, డీజిల్ బండి. డ్రైవరే గార్డు, డ్రైవరే టీసీ. 1986లో ఉచికో మీదుగా అడ్డదారి వేశాక ఎక్స్‌ప్రెస్‌లు అటు మళ్లి, ఈ పాత దారికి ఇలాంటి బళ్లే మిగిలాయి. ముకాయిబారా దాటిన కాసేపటికి కుడివైపు సముద్రం తోడొచ్చింది. దిగుతుంటే డ్రైవరు తెల్ల గ్లవ్స్ చేత్తో నా టికెట్ తీసుకుని తల వంచాడు. మళ్లీ సీట్లో కూర్చుని, ముందుకు వేలు చూపించి తనలో తానే ఏదో పైకి అనుకుని బండి కదిపాడు.

సిబ్బంది లేని స్టేషన్ కదా, నేనూ సముద్రమూ తప్ప ఎవరూ ఉండరనుకున్నా. ప్లాట్‌ఫామ్ మీద నలభై మంది! తొంభైల చివర రైల్వే పోస్టర్లలో ఈ స్టేషన్ పడ్డప్పటి నుంచీ ఇదే సంతట. అందరూ కార్లలో వచ్చినవాళ్లే. రేకుల పందిరి కింద బెంచీ మీద ఫొటోకి క్యూ. తిట్టుకుంటూ నేనూ నిలబడ్డాననుకోండి. ఒకప్పుడు సముద్రం స్టేషన్ కిందే ఉండేదట, ఇప్పుడు మధ్యలో 378 నంబరు రోడ్డు.

తిరుగు బండి వచ్చింది. నలభై ఫోన్లు లేచాయి, ఎక్కింది ముగ్గురం. స్టేషన్‌లో టికెట్ అమ్మేవాళ్లే లేరు. తలుపు పక్కన డబ్బాలోంచి ఓ చిన్న నంబరు చీటీ బయటికొచ్చింది, అంతే.

గంటసేపు ఆ చీటీ చెమట చేతిలో నలుగుతూనే ఉంది. మా ఊరి హాల్ట్‌లో కమీషన్ మీద టికెట్లమ్మే ఏజెంటు ఉండేవాడు. ఏ పెళ్లికో వెళ్లి ఆయన రాకపోతే, నాన్న నన్ను రెక్క పట్టుకుని బండి చివరిదాకా పరుగెత్తేవాడు, గార్డుకి చెప్పుకోడానికి. "టికెట్ లేకపోతే దొంగలమేరా" అనేవాడు ఆయాసపడుతూ.

ఇక్కడ నన్నెవరూ అడగలేదు. ఎదుటి సీట్లో బడిపిల్ల నిద్రపోతోంది. డ్రైవరు నెత్తిన ఉన్న బోర్డులో నా నంబరు కింద చార్జీ మాత్రం స్టేషన్ స్టేషన్‌కీ పెరుగుతోంది, ఆటో మీటర్‌లాగా.

మత్సుయామా గేటు దగ్గర చీటీతో పాటు ఐదు వేల యెన్ల నోటిచ్చి, తప్పు చేసినవాడిలా నిలబడ్డా. ఆ ఉద్యోగి నలిగిన చీటీని వేళ్లతో సాపు చేసి నంబరు చూశాడు. చిల్లర ట్రేలో పెట్టి, దణ్ణం పెట్టినంత పని చేశాడు.

జ్ఞాపకంగా చీటీ ఉంచుకుంటానని సైగ చేశా. కుదరదన్నాడు.