పాడుతున్నది ఎవరో తెలియాలి కదా!

"పెళ్ళి వీడియోలా ఉంది."

నేను ఎడిట్ చేసిన రాక్ పాట వీడియో చూసి మా డైరెక్టరు అన్నది ఆ ఒక్క ముక్కే. కోపం లేదు, వెటకారమూ లేదు. చల్లారిన టీ కప్పు పక్కన పెట్టి, కళ్ళజోడు తుడుచుకుంటూ మామూలుగా అన్నాడు. హైదరాబాద్‌లో అయితే ఈపాటికి నా ఏడు తరాలవాళ్ళూ గుర్తొచ్చేలా తిట్లు పడేవి. ఆ తర్వాత కాసేపటికి "రారా, టీ తాగొద్దాం" అని భుజం మీద చెయ్యి పడేది. ఆ తిట్లు ఒంటికి పట్టవు. ఈ మర్యాదే లోపలికి దిగుతుంది.

మేముండేది ఇంగ్లాండ్‌లో, బర్మింగ్‌హామ్‌లో. ఆఫీసు డిగ్‌బెత్‌లో, రైలు వంతెన ఆర్చీలకి దగ్గర్లో, ఒకప్పుడు ఫ్యాక్టరీగా ఉన్న ఎర్ర ఇటుకల బిల్డింగులో. చిన్న వీడియో కంపెనీ. కార్పొరేట్ వీడియోలు, కాలేజీల ప్రకటనలు తిండి పెడతాయి. అప్పుడప్పుడూ ఊళ్ళో కుర్రాళ్ళ బ్యాండ్లు వస్తాయి, వాళ్ళ దగ్గర డబ్బుండదు, మాకు సరదా ఉంటుంది. బ్లాక్ సబ్బత్ అనే పెద్ద రాక్ బ్యాండ్ పుట్టింది ఈ ఊళ్ళోనే. అలాంటిదే ఇంకో బ్యాండ్ జూడాస్ ప్రీస్ట్‌ది పక్కనున్న వెస్ట్ బ్రామిచ్. అందుకని ఇక్కడ నల్ల టీషర్టు వేసుకుని గిటారు మోసుకెళ్ళే కుర్రాణ్ణి ఎవరూ తలతిప్పి చూడరు.

నాకిచ్చింది అలాంటి నలుగురి పాట. ఖాళీ గోడౌన్‌లో తీశారు. రష్, అంటే తీసిందంతా చూసి, రాత్రి కూర్చుని ఫస్ట్ కట్ వేశాను. పల్లవి ఎత్తుకోగానే పాడే కుర్రాడి మొహం. ప్రతి లైనుకీ పెదవి పక్కాగా పడింది. గిటారు సోలో దగ్గర లో యాంగిల్, స్లో మోషన్, గాలికి ఎగిరే జుట్టు. అంటే, మన ఎలివేషనే.

"డ్రమ్మర్ ఏడీ?" అన్నాడు.

"ఉన్నాడుగా, వైడ్ షాట్‌లో."

"బేస్ గిటారు వాయించేవాడి చేతులు?"

"పాడేవాణ్ణి వదిలేసి చేతులు చూపిస్తే, పాడుతున్నది ఎవరో తెలియాలి కదా?"

"వినపడుతోందిగా," అన్నాడు.

దానికి అప్పుడు జవాబు దొరకలేదు. ఇంటికెళ్ళే బస్సులో దొరికింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

నేను పని నేర్చుకున్నది హైదరాబాద్‌లో సినిమావాళ్ళ కృష్ణానగర్‌లో. పాట కటింగ్ అంటే అక్కడ కొన్ని లెక్కలుంటాయి, ఎవరూ కాగితం మీద రాసివ్వరు. మొదటి లైను హీరో మొహం మీద పడాలి. హుక్ స్టెప్ తల నుంచి కాలిదాకా కనపడాలి. చరణానికి ఊరు మారాలి, బట్టలు మారాలి. అన్నిటికన్నా ముఖ్యం లిప్, అంటే పాటకి పెదవి కలవడం. "లిప్ పోయిందిరా" అని గురువుగారు అంటే ఆ షాట్ ఎంత అందంగా ఉన్నా చెత్తబుట్టలోకే. ఎందుకంత పట్టింపో అప్పట్లో ఆలోచించలేదు. ఇప్పుడు అర్థమవుతోంది. మన పాటలో గొంతు ఒకరిది, మొహం ఇంకొకరిది. బాలుగారి గొంతు ఎంతమంది హీరోలకి అతికిందో మనందరికీ తెలుసు. తెలిసి కూడా నమ్ముతాం. ఆ నమ్మకం నిలబడేది పెదవి మీదే. పెదవి తప్పితే మొత్తం కూలిపోతుంది. కాబట్టి మేం మొహాన్ని వదలం.

రాక్ బ్యాండ్‌కి ఆ బాధ లేదు. పాడేవాడి గొంతు వాడిదే, దానికి సాక్ష్యం అక్కర్లేదు. వాళ్ళు సాక్ష్యం చూపించాల్సింది వేరే: "మేమే వాయిస్తాం" అని. అందుకే తీగల మీద పరిగెత్తే వేళ్ళు, తాళాల మీద పడే పుల్లలు, పెడల్ నొక్కే బూటు, చెమట. గోడౌన్, పొగ, వెనకనుంచి లైటు, గుండ్రంగా తిరిగే కెమెరా. ఇన్ని వీడియోలు చూశాక చెబుతున్నాను, మన డ్యూయెట్‌కి ఎన్ని కొలతలున్నాయో దీనికీ అన్నే ఉన్నాయి.

నాకు మంట ఎక్కడంటే, ఆ వాయించడం కూడా ఉత్తుత్తిదే. షూటింగ్‌లో స్పీకర్‌లో పాట వేస్తారు, వీళ్ళు దానికి చేతులు కలుపుతారు. మన సెట్‌లో నాగ్రా, అదే పాట వినిపించే టేపు మిషను, వేసినట్టే. వెనక పేర్చిన ఆంప్లిఫయర్లు చాలాసార్లు కరెంటు తీగ కూడా లేని డబ్బాలు. డ్రమ్ము మీద దెబ్బ పడుతుంది కానీ ఆ చప్పుడు వీడియోలోకి రాదు. పెదవి కలిపితే పెళ్ళి వీడియో అట, వేళ్ళు కలిపితే నిజాయితీ అట!

గన్స్ ఎన్ రోజెస్ బ్యాండ్ వీడియో 'నవంబర్ రెయిన్' (1992) తీసుకోండి. తొమ్మిది నిమిషాల పాట, పెళ్ళి ఉంది, వాన ఉంది, చావు ఉంది. మధ్యలో వాళ్ళ గిటారిస్టు స్లాష్ చర్చిలోంచి నడిచి బయటికొస్తాడు. చూస్తే ఎడారి లాంటి మైదానం. అక్కడ నిలబడి సోలో వాయిస్తాడు, చుట్టూ హెలికాప్టర్ తిరుగుతుంది. గిటారుకి వైరు లేదు, ఆంప్లిఫయర్ లేదు. మంచుకొండ మీద షిఫాన్ చీరలో హీరోయిన్ కనపడితే నవ్వే ఈ మనుషులు దాన్ని చూసి చేతులు జోడిస్తారు. నేనూ జోడిస్తాను, అది వేరే సంగతి. మా పక్క ఊరి జూడాస్ ప్రీస్ట్ 1980లో 'బ్రేకింగ్ ది లా' వీడియోలో గిటార్లు పట్టుకుని బ్యాంకు దోచారు. తీసింది జూలియన్ టెంపుల్. తుపాకుల బదులు గిటార్లు, ఖజానాలోంచి దోచేది తమ సొంత ఆల్బమ్ గోల్డ్ డిస్క్. దాన్ని మాస్ మసాలా అనకపోతే ఏమంటారో నాకు తెలీదు.

ఇదంతా మర్నాడు మా డైరెక్టరు ముందు పెట్టాను, కొంచెం మర్యాదగా. చివర్లో నా దగ్గరున్న పెద్ద ఆయుధం తీశాను. "కోల్డ్‌ప్లే 'ఎల్లో' చూడండి. పాట మొత్తం ఒక్కడే బీచ్‌లో నడుస్తూ పాడతాడు. కట్ లేదు. డ్రమ్మర్ లేడు, బేస్ లేదు. మొహమే."

"డ్రమ్మర్ ఎందుకు లేడో తెలుసా?" అన్నాడు.

తెలీదు. తనే చెప్పాడు. 2000లో డోర్సెట్ తీరంలో, స్టడ్‌లాండ్ దగ్గర తీశారట. బ్యాండ్ మొత్తం ఉండాలి, ఎండ ఉండాలి అనుకున్నారు. ఆ రోజు డ్రమ్మర్ వాళ్ళ అమ్మ అంత్యక్రియలు. పైగా ముసురు. దాంతో పాడే క్రిస్ మార్టిన్ ఒక్కడే రెయిన్ కోటు వేసుకుని నడిచాడు. పాటని రెట్టింపు స్పీడులో వేస్తే ఆ స్పీడుకే పాడాడు. తర్వాత ఫిల్మ్‌ని స్లో చేస్తే నీళ్ళూ నడకా స్లో మోషన్‌లో ఉంటాయి, పెదవి మాత్రం పాటకి సరిపోతుంది.

ఆ చివరి సంగతి వినగానే నేను కుర్చీలోంచి లేచాను. అది మా పని! మన దగ్గర వాన పాటని స్లో మోషన్ కోసం సెకనుకి ఫార్టీ ఎయిట్ ఫ్రేముల్లో, అంటే మామూలుకి రెట్టింపులో, తీసేటప్పుడు నాగ్రాలో పాట రెట్టింపు స్పీడులో చిలకలా అరుస్తుంది, హీరోహీరోయిన్లు ఆ స్పీడుకే పెదవి కదుపుతారు. సెట్‌లో చూస్తే నవ్వొస్తుంది, స్క్రీన్ మీద చూస్తే ఏడుపొస్తుంది. ఈ సంగతి చెబితే ఆయన మొదటిసారి పెన్ను తీసి రాసుకున్నాడు. అక్కడ మా ఇద్దరికీ కొంచెం కుదిరింది.

అప్పటినుంచీ ఒక విషయం గమనిస్తున్నాను. రాక్ వీడియోలో రూలు నిజంగా విరిగిన చోట చాలావరకు ఏదో లోటు ఉంటుంది. క్వీన్ బ్యాండ్ వాళ్ళ 'బొహీమియన్ రాప్సొడీ' 1975లో ఎల్‌స్ట్రీ స్టూడియోలో కొన్ని గంటల్లో చుట్టేశారు. టూర్ హడావిడిలో 'టాప్ ఆఫ్ ది పాప్స్' టీవీ షోకి వెళ్ళలేక తమ బదులు ఒక టేపు పంపించారంతే. పాటల వీడియోల ఛానెల్ ఎమ్‌టీవీ మొదలైంది 1981లో, అంటే ఇంకా ఆరేళ్ళకి. ఓకే గో అనే బ్యాండు 2006లో ఎనిమిది ట్రెడ్‌మిల్లులు ఎదురెదురుగా పేర్చి, కెమెరాని కదపకుండా ఒక్క షాట్‌లో గెంతింది. స్టెప్పులు నేర్పింది పాడేవాడి అక్క. దానికి గ్రామీ వచ్చింది. గిటారు పట్టుకుని కోపంగా చూడాల్సిన మగవాళ్ళు డ్యాన్సు చెయ్యడం రాక్‌లో ఎంత తప్పో మనకి అర్థం కాదు. మన దగ్గర డ్యాన్సు రాకపోతేనే తప్పు.

నాకు బాగా దగ్గరైంది మాత్రం నిర్వాణ బ్యాండ్. 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్', 1991, శామ్యూల్ బేయర్ తీశాడు. స్కూలు వ్యాయామశాల సెట్, మెట్ల మీద కుర్రకారు, చివర్లో అందరూ కిందికి దూకి సెట్ పీకేస్తారు. ఆ గొడవ వెనక కథ వినండి. ఎక్స్‌ట్రాలుగా వచ్చిన పిల్లల్ని మధ్యాహ్నమంతా మెట్ల మీద కదలకుండా కూర్చోబెట్టి అదే పాట మళ్ళీ మళ్ళీ వేశారు. వాళ్ళకి ఒళ్ళు మండింది. ఇక వాళ్ళని వదిలేయండి అని బ్యాండ్‌లో పాడే కర్ట్ కొబేన్ డైరెక్టర్ని ఒప్పించాడు. తెర మీద కనపడే ఆ కసి నటన కాదు. కృష్ణానగర్ సెంటర్‌లో తెల్లారకముందే బస్సు ఎక్కి, సాయంత్రందాకా ఎండలో చప్పట్లు కొట్టి వచ్చే జూనియర్ ఆర్టిస్టులు తెలిసినవాడెవడికైనా ఆ మొహాలు తెలుసు. మన జూనియర్ ఆర్టిస్టుల్ని ఎవరైనా ఒకసారి అలా వదిలిపెడితే ఎలా ఉంటుందో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. యూనియన్ ఊరుకోదనుకోండి.

తెగింపు అంటే 1985లో రీప్లేస్‌మెంట్స్ అనే బ్యాండ్ చేసింది. 'బాస్టర్డ్స్ ఆఫ్ యంగ్' వీడియోలో బ్యాండే ఉండదు. నలుపు తెలుపులో ఒక స్పీకరు, దాని ముందు సోఫాలో ఒక మనిషి సిగరెట్ తాగుతుంటాడు, మొహం కనపడదు. పాట అయిపోయాక లేచి స్పీకర్ని ఒక్క తన్ను తన్ని వెళ్ళిపోతాడు. మొహమూ లేదు, వేళ్ళూ లేవు. సాక్ష్యం చెప్పం పొండి అన్నట్టు. మా డైరెక్టరుకి ఇది ప్రాణం. నేను చూసినప్పుడు మాత్రం, ఇది చూపించి పేమెంట్ అడిగితే మన ప్రొడ్యూసర్ ఏమంటాడో అన్న ఆలోచనే వచ్చింది.

పేమెంట్ అంటే మా నాన్న గుర్తొస్తాడు. బంధువులడిగితే ఇప్పటికీ "సాఫ్ట్‌వేర్ లాంటిదే" అని చెబుతాడు. పాటలు ముక్కలు చెయ్యడానికి లండన్ దాకా వెళ్ళాలా అని ఆయన బాధ. బర్మింగ్‌హామ్ లండన్ కాదని చెప్పడం మానేశాను. డైర్ స్ట్రెయిట్స్ పాట 'మనీ ఫర్ నథింగ్' అచ్చం ఆయన గొంతే. మైక్రోవేవ్‌లు, ఫ్రిజ్‌లు మోసే కొట్టు పనివాడు టీవీలో రాక్ స్టార్లని చూసి, ఇదీ ఒక పనేనా అని సణుగుతాడు. ఆ బ్యాండ్‌లో పాడే మార్క్ నాఫ్లర్ న్యూయార్క్‌లో ఒక సామాన్ల కొట్లో అలా సణిగేవాణ్ణి విని, ఆ మాటల్నే పాట కట్టాడు. నాఫ్లర్‌కి వీడియోలంటేనే పడేది కాదు. అయినా 1985లో డైరెక్టర్ స్టీవ్ బారన్ కంప్యూటర్ బొమ్మలతో ఆ మోతపనివాళ్ళనే వీడియోకి హీరోలని చేశాడు. 1987లో యూరప్‌లో ఎమ్‌టీవీ మొదలుపెట్టినప్పుడు తొలి వీడియో అదే వేశారు. ఎమ్‌టీవీని వెక్కిరించిన పాటతోనే బోణీ! ఈసారి ఫోన్‌లో నాన్నకి ఈ కథ చెబుదామనుకున్నాను. "జీతం పెంచారా?" దగ్గరే ఆగిపోయింది.

గోడౌన్ పాట సంగతి: రీకట్ చేశాను. డ్రమ్మర్‌కి ఇప్పుడు క్లోజప్‌లున్నాయి, బేస్ వేళ్ళున్నాయి. రెండో చరణంలో ఒక లైను మొత్తం పాడేవాడి మొహం మీదే ఉంచాను, తీయమన్నా తీయలేదు. డైరెక్టరు రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు.

నిన్న ఇంకో బ్యాండ్ వచ్చింది. ఇరవై దాటని పిల్లలు. "మాకు రొటీన్ రాక్ వీడియో వద్దు, రూల్స్ లేనిది కావాలి" అన్నారు. అని ఒక రిఫరెన్సుల లిస్టు పంపారు. అందులో స్పీకరూ ఉంది, ట్రెడ్‌మిల్లులూ ఉన్నాయి, బీచ్‌లో సింగిల్ షాటూ ఉంది. ఏ షాట్ ఎన్ని సెకన్లుందో, కెమెరా ఎంత ఎత్తులో ఉందో చూసి షీటు తయారు చెయ్యమన్నారు. ప్రస్తుతం ఆ పని మీదే ఉన్నాను. బీచ్ కోసం వెతుకుతున్నాం, బర్మింగ్‌హామ్‌కి సముద్రం లేదు.