జెమినీకీ స్కార్పియోకీ మధ్య ఆ మూడు సెకన్లు

పోయిన నెల నా పోల్ డాన్స్ వీడియోని నేనే స్లో మోషన్‌లో పెట్టుకుని చూశాను. జెమినీ బాగానే ఉంది, కాలు బొటనవేలి దాకా చక్కగా సాగింది. స్కార్పియో కూడా పర్లేదు. ఈ రెండిటి మధ్య మూడు సెకన్లలో నేను చేసింది మాత్రం బావిలో పడ్డ పిల్లి గోడ గీరుకుంటున్నట్టు ఉంది. చెయ్యి ఒకచోట పట్టుకోవడం, వదిలేసి రెండంగుళాలు పైన మళ్లీ పట్టుకోవడం, ఈలోపు నడుం సర్రున జారడం, గాల్లో కాలితో ఒక తన్ను, ఆ తర్వాత ఏమీ జరగనట్టు మొహం పెట్టి స్కార్పియో.

తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తా. పోల్ డాన్స్‌లో నేల నుంచి స్లాబు దాకా ఒక స్టీలు పోల్ ఉంటుంది, పోటీల్లో మామూలుగా వాడేది 45 మిల్లీమీటర్ల మందం. దాని మీద తలకిందులుగా చేసేవాటిలో మొదట్లో నేర్చుకునేవాటిలో ఈ రెండూ ఉంటాయి. పోల్‌కి దూరంగా ఉన్న కాలి మోకాలి మడతలో పోల్‌ని ఇరికించి వేలాడితే జెమినీ, దగ్గరగా ఉన్న కాలితో అయితే స్కార్పియో. చేతులు రెండూ వదిలెయ్యొచ్చు. పేర్లు ఒక్కో స్టూడియోలో ఒక్కోలా ఉంటాయి, నేను బెంగళూరులో నేర్చుకున్న చోట ఇవే పేర్లు.

అక్కడ ఉద్యోగం చేసినప్పుడు ఏడాదిన్నర క్లాసుకు పోయాను. ఇంటి నుంచే పని అన్నాక అనంతపురం వచ్చేశాను, పోల్ కూడా నాతోపాటే వచ్చింది. ఇప్పుడు నాకు టీచర్ లేరు, ఫోను కెమెరానే టీచర్. పోల్ బిగించడానికి మా ఇంట్లో ఫ్యాను రెక్కలు తగలని చోటు ఒక్కటే దొరికింది, బీరువాకీ కిటికీకీ మధ్య. అందుకని ఒక వైపు కాలు పూర్తిగా చాపితే కర్టెన్ తగులుతుంది. మొదటిసారి చూసినప్పుడు అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయి "ఏంది మే అది, గబ్బిలం మాదిరి" అంది. ఇప్పుడు నేను వేలాడుతుంటే కిందే కూర్చుని చెనక్కాయలు ఒలుస్తుంది. పరుపు మీద కూర్చోవద్దని మాత్రం రోజూ చెప్పాల్సి వస్తుంది, నేను పడితే పడాల్సింది దాని మీదే కదా.

సరే, ఆ పిల్లి వేషాల సంగతికొస్తా. చాలా రోజులు నా సమస్య బలం లేకపోవడమే అనుకున్నా. పుల్-అప్స్ చేశా, పొట్టకి ఎక్సర్‌సైజులు చేశా, తేడా ఏమీ రాలేదు. వీడియోని ఒక్కో ఫ్రేమూ ఆపుకుంటూ చూశాక అర్థమైంది. నాకు ఎడమ మోకాలితో జెమినీ. అందులో నన్ను పట్టుకుని ఉండేవి ఎడమ మోకాలి మడత, నడుం కుడి పక్క. స్కార్పియోలో ఇది తారుమారు, మోకాలు కుడిది, ఒరిసే పక్క ఎడమది. అంటే రెండు పట్లూ ఒకేసారి మారాలి. రెండూ ఒకేసారి వదిలేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. వదలకుండా ఉండాలని భయంతో చేతులు ఎక్కడపడితే అక్కడ పట్టుకుంటున్నాయి, ఆ గాబరానే వీడియోలో కనబడేది.

దీనికి దారి దొరికింది మా అవ్వ వాళ్ల ఊరి తిరునాళ్లలో చూసిన ఉట్లమాను గుర్తొచ్చినప్పుడు. ఆ మానుకి జిడ్డు పూసి ఉంటుంది, పైనుంచి బురద నీళ్లు పోస్తుంటారు, కుర్రాళ్లు ఒక్కొక్కరే ఎక్కి జర్రున కిందికి వచ్చేస్తుంటారు. చిన్నప్పుడు నవ్వుకోవడానికే చూసేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే, ఎక్కువ పైకి పోయేవాడు ఎప్పుడూ గుంపులో బలమైనవాడు కాదు. బక్కగా ఉండే ఒకడు, తొడలూ పాదాలూ మానుకి గట్టిగా బిగించి, ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాతే చెయ్యి పైకి వేసేవాడు. ఆ ఆగడమే నాకు లేదు. కొత్త పట్టు మీద బరువు పడకముందే పాతది వదిలేస్తున్నా.

అప్పటినుంచి ట్రాన్సిషన్, అంటే జెమినీ నుంచి స్కార్పియోకి మారడం, మొత్తం చేయడం మానేశా. మధ్య ముక్క ఒక్కటే చేశా. జెమినీలో ఉండి, రెండు చేతులతో పోల్ పట్టుకుని, ఎడమ కాలు తియ్యకుండానే దాని పైన కుడి మోకాలు కూడా వేసి, రెండు మోకాళ్లతో అక్కడే వేలాడటం. మూడు శ్వాసలు. మళ్లీ వెనక్కి జెమినీకే. స్కార్పియోకి అసలు పోలేదు, రెండు వారాలు. చూడటానికి అందం చందం లేని పోజు, పైగా మోకాలి వెనక చర్మం నలిగి మంట. అక్కడ పడే నీలం మచ్చల్ని పోల్ వాళ్లు పోల్ కిస్‌లు అంటారు. అమ్మకి ఆ పేరు చెప్పలేదు.

ఆ మూడు శ్వాసల్లో తెలిసిన విషయం, మోకాలు ఇరికితే చాలదు. మడమని పిర్ర వైపు లాగి పిక్కతో నొక్కితేనే పోల్ లాక్ అవుతుంది. కుడి వైపు ఆ నొక్కు తగిలాకే ఎడమ మోకాలు వదులు చేయాలి, అదీ తియ్యడం కాదు, బరువు పోయి అదే ఖాళీ అయ్యేదాకా ఉండాలి. ఇంక అప్పుడు దాన్ని ఈకలా ఎత్తెయ్యొచ్చు. తర్వాత భుజాన్ని పోల్ దాటించి రెండో పక్కకి ఒరగాలి, అప్పుడే ఊపిరి వదలాలి. నేను ఊపిరి బిగబట్టి చేసేదాన్ని, అందుకే మెడ నరాలు తేలేవి.

చేతుల సంగతి వేరే. ఒకసారి పెట్టిన చెయ్యి మళ్లీ సర్దకూడదు అని నాకు నేనే రూలు పెట్టుకున్నా. సర్దాల్సి వస్తే ఆ ప్రయత్నం అక్కడికి ఆపి దిగిపోవడమే. మొదటి రోజు పది సార్లు మొదలుపెట్టి పదిసార్లూ దిగాను. తల కిందికి ఉన్నప్పుడు పైనేదో కిందేదో కన్ను తికమక పడుతుంది, గుడ్డిగా చెయ్యి వేస్తాం. పట్టబోయే చోటుని ముందు చూసి ఆ తర్వాత చెయ్యి పంపితే సగం సర్దుళ్లు పోయాయి.

పోల్‌ని స్పిన్‌లో, అంటే అదే గిరగిరా తిరిగేలా, పెట్టి చేస్తే ఇంకో గొడవ. ఒళ్లు దగ్గరికి ముడుచుకుంటే వేగం పెరుగుతుంది, చాపితే తగ్గుతుంది, ఐస్ మీద స్కేటింగ్ చేసేవాళ్లు చేతులు ముడిస్తే గిర్రున తిరుగుతారే, అదే. మన ట్రాన్సిషన్‌లో రెండు కాళ్లూ పోల్ దగ్గరికి వచ్చే క్షణం ఉంది కదా, సరిగ్గా అక్కడే పోల్ ఒక్కసారిగా జోరందుకుంటుంది. కాబట్టి కుడి కాలిని వంచి లాక్కురాకుండా చాపే ఉంచి నిదానంగా తేవాలి. స్టాటిక్‌లో, అంటే పోల్ కదలకుండా ఉన్నప్పుడు, దాచుకోగలిగిన కుదుపు స్పిన్‌లో దాగదు.

మా ఊరి వాతావరణం గురించి చెప్పకపోతే ఎలా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే జిల్లా. చలికాలంలో చర్మం ఎండి పోల్ మీద కాగితంలా జారుతుంది. మే నెలలో కరెంటు పోతే చెమటతో జారుతుంది. చెమటకి మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌తో పోల్ తుడిచి చేతులకి లిక్విడ్ చాక్, అంటే చెమట పీల్చే సుద్ద ద్రవం, రాస్తే చాలు. ఎండు చర్మానికి చాక్ రాస్తే ఇంకా చెడుతుంది. ముందు రోజు రాత్రి లోషన్ రాసుకుని, పొద్దున బాగా ఒళ్లు వేడెక్కేదాకా వార్మప్ చేసి, పోల్‌ని కూడా చేతులతో రుద్ది వేడి చేస్తా. చల్లటి స్టీలుకి పట్టు ఉండదు. స్తంభం మీద విన్యాసాలు చేసే మన పాత ఆట మల్లఖంబం వాళ్లేమో చెక్క స్తంభానికి కావాలనే ఆముదం రాస్తారు, ఒరిపిడి తగ్గడానికి. ఆ స్తంభం మీద వాళ్లు చేసేవి చూస్తే నేను నోరు మూసుకోవాలి. బంధువులెవరైనా "ఇదేం ఆటమ్మా" అని అడిగితే, 2024లో మల్లఖంబం గురువు ఉదయ్ దేశ్‌పాండేకి పద్మశ్రీ వచ్చిన సంగతి చెప్తా. రెండూ ఒకటి కాదు గానీ మా పెద్దమ్మకి ఆ మాత్రం చాలు.

ఇంకోటి, ఉగ్గాని బజ్జీ తిన్న అరగంటకి తలకిందులు కావద్దు. ఎందుకని అడగొద్దు.

నిన్నటి వీడియోలో కుడి చెయ్యి ఒక్కసారే సర్దాను, కాలి తన్ను లేదు. ఎడమ వైపుకి తిరిగి అదే చేస్తే మాత్రం పిల్లి మళ్లీ బావిలోనే ఉంది. ఈ వారం నుంచి ఆ వైపు మధ్య ముక్క మొదలు, కర్టెన్ పక్కకి కట్టేసి.